ఏడో మెట్టు మీద ఆగిన క్షణం

ఇలా దగ్గరికి జరగండమ్మా, ఇంకొంచెం. ఆ గుమ్మం దగ్గర కూర్చుంటే నా గొంతు మీ దాకా రాదు. ఈ వారం చెప్పాల్సింది గట్టిగా చెప్పుకునే సంగతీ కాదు. ఆ రోజు వంటింట్లో నేనూ నా కోడలూ ఎలా గుసగుసలాడుకున్నామో, అలాగే చెప్పాలి.

ఆదివారం, మధ్యాహ్నం రెండున్నర. కోడలు తను పనిచేసే మందుల షాపు నుంచి వచ్చింది. చెప్పులు విప్పలేదు, భుజాన సంచీ దించలేదు. నేరుగా వంటింట్లోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

“అత్తయ్యా, నర్సమ్మ మా షాపుకి వచ్చింది.”

“వస్తే?”

“మన కాగితం చదివిందట. మురిసిపోతోంది. ‘రాసిందెవరో నాకు తెలీదు గానీ, నీకు తెలిస్తే నా మాటగా చెప్పు, ఈ రోజు ఆ ఏడో మెట్టు మీద పది లెక్కపెట్టేదాకా ఆగుతాను’ అంది.”

నా చేతిలో గ్లాసుంది. దాన్ని పెట్టడానికి గట్టు మీద చోటు కనబడలేదు నాకు. గట్టంతా ఖాళీగానే ఉంది.

“పదా?”

“పది. రెండు చేతుల వేళ్ళూ విప్పి చూపించింది.”

శుక్రవారం ఆట సంగతి మీకు పోయినసారే చెప్పాను. అప్పుడు రాని వాళ్ళెవరైనా ఉంటే రెండు ముక్కలు వినండి. మా ఊళ్ళో నాటకాలు వేసేవాళ్ళంతా పగలు ఏదో ఒక పని చేసుకునేవాళ్ళే. ఈ నర్సమ్మ పగలు ఆసుపత్రిలో నర్సు, ఈ నాటకంలో దీపం పట్టుకుని మెట్లెక్కే ఇల్లాలు. ఆ నాటకాలు చూసి, బాగోగులు రాసి, హాలు గోడ మీది బోర్డుకి అంటించేది మేం ముగ్గురం. జీతం లేదు, భత్యం లేదు, తిట్లు మాత్రం దండిగా ఉంటాయి. ఎప్పుడూ వెనకే కూర్చుంటాం కాబట్టి ‘చివరి వరుస’ అని పేరు. కాగితం కింద ఆ పేరే తప్ప ఎవరి పేరూ ఉండదు.

నాకు సంతకం దాకానే చదువు. కానీ ఒకసారి విన్న మాట, చూసిన మనిషి నా బుర్రలోంచి పోదు. అందుకని చూసింది చూసినట్టు నేను చెప్తాను, కోడలు రాస్తుంది, దర్జీ ఆయన దాన్ని కోసి, కుదించి, మంచి కాగితం మీదికి ఎక్కిస్తాడు. ఆయన పనీ అదే, గుణమూ అదే. ఆయన్ని మేం కత్తెర అంటాం.

మాకో నియమం ఉంది. మన ఇంటివాళ్ళు చేసినదాని గురించి మంచీ రాయకూడదు, చెడూ రాయకూడదు.

ఈ నాటకానికి మెట్లు కట్టింది నా కొడుకు.

శుక్రవారం ఆట అయ్యాక ఇదే బల్ల దగ్గర కూర్చుని నేను చెప్పింది ఇది: ‘ఏడో మెట్టు ఎడమవైపుకి వేలెడు కుంగింది, ఆవిడ ఆగింది, మళ్ళీ ఎక్కింది.’ కోడలు నియమం ప్రకారం ‘మెట్టు కుంగింది’ కొట్టేసింది. ‘ఆవిడ ఆగింది’ మిగిలింది. కత్తెరకి అది బోడిగా అనిపించింది. ‘ఏడో మెట్టు మీద ఆమె ఊపిరి బిగబట్టి ఆగిన క్షణం ఈ నాటకానికే ప్రాణం’ అని రాశాడు. చదివి వినిపిస్తే నాకూ బాగుంది. ఎంత బాగుందంటే, మెట్టు సంగతే నా బుర్రలోంచి జారిపోయింది. మరపంటే తెలియని దాన్ని, నేను!

“మీ అబ్బాయికి మాత్రం చెప్పకండి అత్తయ్యా,” అంది కోడలు.

“చెప్పకుండా?”

“నేను హాలుకి ఫోన్ చేస్తాను. మెట్లు జాగ్రత్తగా ఎక్కమని చెప్తాను.”

“జాగ్రత్తగా ఎక్కితే మెట్టు గట్టిపడుతుందా అమ్మాయ్?”

“మరేం చెయ్యమంటారు నన్ను?” గొంతు పెరగబోయింది. పెరట్లో మా అబ్బాయి పని చేసుకునే కొట్టు వైపు చూసి మళ్ళీ దించుకుంది. “ఇవాళ పొద్దున ఆయన ఈల వేశారు. విన్నారా మీరు? ఏడాది తర్వాత. గడ్డం గీసుకుంటూ ఈల వేశారు. నేను స్నానాల గదిలో చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయాను, చప్పుడు చేస్తే ఆపేస్తారేమోనని.”

విన్నాను. నేనూ విన్నాను.

ఏడాది కిందట రంపం మిషను నా కొడుకు ఎడమ చేతి రెండు వేళ్ళు పట్టుకుపోయింది. కట్టు విప్పిన రోజు పనిముట్లన్నీ గోనెసంచీలో వేసి మూతి కుట్టేశాడు. తర్వాత గోడకేసి తిరిగి కూర్చోవడం మొదలుపెట్టాడు. భోజనానికి పిలిస్తే వచ్చేవాడు, తినేవాడు, మళ్ళీ గోడ. ఈ నాటకం వాళ్ళు వచ్చి తొమ్మిది మెట్లు కట్టిపెట్టమని అడిగాక ఆ సంచీ కుట్టు విప్పాడు.

“ఆ గోడకేసి కూర్చునే మనిషిని నేను మళ్ళీ చూడలేను,” అంది కోడలు. “మీరు తల్లి. మీరు చూడగలరేమో.”

ఆ మాట నాకు తగలాల్సిన చోటే తగిలింది. నేనూ ఊరుకోలేదు. “నువ్వు కొట్టేశావు కాబట్టే కదా ఇంత దూరం వచ్చింది? నేను చెప్పింది చెప్పినట్టు రాసుంటే!”

“నియమం పెట్టినప్పుడు మీరూ తలూపారు.”

“ఊపాను. తల నాదే.”

“వాక్యం విని ‘ఎంత బాగుంది’ అన్నదెవరు?”

అన్నది నేనే.

తలుపు తోసుకుని వాడే వచ్చాడు. జుట్టు నిండా రంపపు పొట్టు.

“ఏంటి, అత్తాకోడళ్ళు ఒకటై తలుపేసుకున్నారు? ఎవరి మీద కుట్ర?”

ఇద్దరం నవ్వలేదు. వాడు కుండలోంచి నీళ్ళు ముంచుకున్నాడు. ఎడమ చెయ్యి లుంగీ మడతలో దాచుకుని కుడి చేత్తోనే ముంచుకున్నాడు. ఆ అలవాటు ఇంకా పోలేదు.

“మీ నియమం నాకు తెలుసులేమ్మా. మెట్ల గురించి ఒక్క ముక్క రాయలేదు, రాయరు కూడా. పోనీలే.” గ్లాసు దించి మూతి తుడుచుకున్నాడు. “కానీ ఆ నర్సమ్మ ఏడో మెట్టు మీద ఆగడం గురించి రాశారు చూడు, అది చదివాక నాకు నిద్ర పట్టింది. మెట్టు మీద నమ్మకం లేకపోతే మనిషి అలా ఆగుతుందా?”

కోడలు పొయ్యి వైపు తిరిగిపోయింది. పొయ్యి వెలిగించి లేదు.

వాడు మా ఇద్దరినీ ఒకసారి చూశాడు. ఏదో అడగబోయి, అడక్కుండానే కొట్టులోకి వెళ్ళిపోయాడు.

మూడు కావస్తుండగా కత్తెర వచ్చాడు, మెడలో టేపు అలాగే వేలాడుతోంది. “అక్కయ్యా, పాత పుస్తకం ఒకటిస్తావా...” అంటూ వచ్చినవాడు మా ముఖాలు చూసి కుర్చీ చివర కూర్చున్నాడు.

కోడలు జరిగింది చెప్పింది. నర్సమ్మ పది లెక్కపెడుతుందన్న చోట ఆయన టేపు మెడలోంచి తీసి చేతికి చుట్టుకోవడం మొదలుపెట్టాడు.

“ఫోన్ చెయ్యండి బాబాయ్ గారూ. మీ మాటైతే వింటారు.”

చేశాడు. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్ళీ చేశాడు. “ఆట రోజు ఫోన్లన్నీ పెట్టెలో వేసి తాళం వేస్తారు. వేషం గదిలో పెట్టుంటారు,” అన్నాడు.

“అయితే వెళ్దాం పదండి.”

“వెళ్ళి ఏం చెప్తామమ్మా? మెట్టు కుంగిందని మీకెలా తెలుసని అడిగితే? ఎవరు రాశారో బయటపడిపోతుంది. పన్నెండేళ్ళ నుంచి దాచిన పేర్లు...”

“పన్నెండేళ్ళు, పన్నెండేళ్ళు!” అన్నాను నేను. “అంత ఎత్తు మెట్లకి చేతిపట్టు లేదు. ఎడమ పక్క కింద ఇనుప లైటు స్తంభాలున్నాయి. ఆవిడ రెండు చేతులా దీపం పట్టుకుని, తల దించకుండా ఎక్కుతుంది. కుంగడం నువ్వు కళ్ళారా చూడలేదు కాబట్టి నీకు తెలీదు.”

ఆయన టేపు చుట్టడం ఆపాడు.

“చూశాను అక్కయ్యా.”

“ఏం చూశావు?”

“మెట్టు కుంగడం. నేనూ చూశాను.”

“చూసి ఆ వాక్యం రాశావా?”

ఆయన నా వంక చూడలేదు. “వాక్యం కుదిరింది,” అన్నాడు. “అంత బాగా కుదిరాక తీసెయ్యబుద్ధి కాలేదు.”

“నేను కూడా చూశాను,” అంది కోడలు నెమ్మదిగా. “అత్తయ్య చెప్పకముందే చూశాను.”

ముగ్గురం చూశాం. ముగ్గురం ఆ బల్ల చుట్టూ కూర్చుని, చూసినదాన్ని కాగితంలోంచి తీసేసి, తీసేసిన చోట పువ్వు పెట్టాం.

నేను లేచాను. “అత్తయ్యా, వద్దు,” అని కోడలు నా చెంగు పట్టుకుంది. విడిపించుకోలేదు నేను. అలాగే నడిచాను. రెండడుగులు వేశాక తనే వదిలేసింది.

కొట్టులో వాడు ఉలి నూరుతున్నాడు. నేను గడప దాటకుండానే చెప్పాను. దాటితే చెప్పలేనని భయం.

“ఒరేయ్, శుక్రవారం ఏడో మెట్టు కుంగిందిరా.”

ఉలి ఆగింది. “ఎంత?”

వేలు చూపించాను.

“ఏ వైపు?”

“ఎడమ.”

వాడు మొహం మాడ్చుకుంటాడనుకున్నాను. అరుస్తాడనుకున్నాను. లుంగీ మడతలోంచి ఎడమ చెయ్యి బయటికి తీసి, అది ఎవరిదో అన్నట్టు చూశాడు.

“ఎడమవైపు అడుగున ఆనింపు చెక్కకి మర మేకులు బిగించాలమ్మా. కుడి చేత్తో బిగిస్తుంటే ఎడమ చేత్తో చెక్కని పైకి అదిమి పట్టుకోవాలి. మిగతా ఎనిమిది మెట్లకీ ఎలాగో పట్టుకున్నా. ఏడో మెట్టుకి మాత్రం పట్టు రాలేదు. నాలుగుసార్లు జారింది.”

“మరి?”

“జిగురు పెట్టి వచ్చేశాను.”

“ఎవరినైనా పట్టుకోమంటే...”

“ఎవరిని అడగను? అడిగితే ఏమనుకుంటారు?” ఉలి కింద పెట్టాడు. “శుక్రవారం రాత్రంతా భయపడుతూనే ఉన్నా. శనివారం మీ కాగితం చదివాను. ఆవిడ అక్కడే ఆగిందని రాశారు. ఆగిందంటే నిలిచిందనుకున్నా. మీ కాగితాన్ని నమ్మానమ్మా.”

ద్వారబంధం పట్టుకున్నాను. ఒక్క వాక్యం ఎంతమందిని మోసం చేసింది!

“పది లెక్కపెట్టేదాకా ఆగుతుందట ఈ రోజు,” అన్నాను.

వాడు లేచాడు. “ఆటెన్నింటికి?”

“మూడింటికే. మొదలైపోయింది.”

కత్తెరకో డొక్కు కారుంది. నలుగురం ఎక్కాం. వాడు ముందు కూర్చున్నాడు, ఒళ్ళో పనిముట్ల సంచీ. వెనక కోడలు నా చెయ్యి పట్టుకుంది. కాసేపటి కిందట నా మీదికి లేచిన పిల్లే, ఇప్పుడు గోళ్ళు దిగేలా పట్టుకుంది.

“ఇప్పుడు ఎక్కడి దాకా వచ్చుంటుంది అత్తయ్యా?”

ఆ నాటకంలో నర్సమ్మ ఓ ఇల్లాలు. ఇల్లు అమ్మేసే రోజు. పదేళ్ళుగా తెరవని పై గది తలుపు చివర్లో దీపం పట్టుకెళ్ళి తెరుస్తుంది. మాట మాటా నా బుర్రలో ఉంది. కళ్ళు మూసుకున్నాను.

“ఆడపడుచుతో పోట్లాట. ‘నీ అన్నయ్యని అడుగు, నన్నడక్కు’ అంటోంది.”

“తర్వాత?”

“కొనేవాడు వస్తాడు. గోడలు తట్టి చూస్తాడు. అక్కడ జనం నవ్వుతారు.”

కారు మలుపు తిరిగింది. ఎదురుగా సరుకుల లారీ ఒకటి రోడ్డుకి అడ్డంగా పెట్టి మూటలు దించుతున్నారు. కత్తెర హారన్ మీద చెయ్యి పెట్టి తీయలేదు. మూట మోస్తున్న మనిషి మా వంక చూసి, “ఏమిటండీ, పెళ్ళి ముహూర్తం దాటిపోతోందా?” అన్నాడు. మా ముఖాల్లో ఏం కనబడిందో, మూట కింద పడేసి లారీ వాణ్ణి కేకేశాడు.

“ఇప్పుడు?” అంది కోడలు.

“కొనేవాడు వెళ్ళిపోయాడు. ఆడపడుచు ఏడుస్తోంది. ఇంక దీపం వెలిగించడమే.”

“ఎంత సేపు?”

“ఏడుపు ఎంతసేపు ఏడిస్తే అంతసేపు.”

ముందు కూర్చున్నవాడు వెనక్కి తిరగలేదు. “ఎవరూ అరవకండి,” అన్నాడు. “లోపలికెళ్ళాక ఎవరూ నోరెత్తకండి. ఉలిక్కిపడితే పడిపోతుంది.”

హాలు ముందు కారు పూర్తిగా ఆగకముందే దిగాడు. చెప్పులు అక్కడే వదిలేశాడు, సంచీ కూడా వదిలేశాడు. పక్క తలుపు వైపు పరిగెత్తాడు. టికెట్లు చింపే ఆయన మమ్మల్ని ఆపబోయి, నన్ను చూసి, “అవ్వా, కూర్చోకుండా వెనకే నిలబడండి,” అని తలుపు మనిషి పట్టేంత తీశాడు.

లోపల చీకటి. ఆ చీకట్లో ఆవిడ చేతుల్లో దీపం. అప్పటికే మూడో మెట్టు మీదుంది.

నాలుగు.

హాలంతా దగ్గు కూడా లేదు. రెండొందల మంది ఊపిరి ఒక్కటే అయినట్టుంది. వాళ్ళకది నాటకం. నేను మెట్లు లెక్కపెడుతున్నాను.

ఐదు. ఆరు.

వాడెక్కడున్నాడో కనబడలేదు. మెట్ల కింద నలుపు తప్ప ఏమీ లేదు. కోడలు నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. కత్తెర నా పక్కన ఏదో గొణుగుతున్నాడు. తర్వాత తెలిసింది, ఆయన తన వాక్యాన్నే తిట్టుకుంటున్నాడు.

ఏడు.

ఆవిడ ఆగింది. కాగితంలో రాసినట్టే, ఊపిరి బిగబట్టి ఆగింది.

మెట్టు కుంగింది. శుక్రవారం వేలెడు. ఈసారి బెత్తెడు. దీపం ఎడమ పక్కకి ఒరిగింది, నీడలన్నీ గోడ మీద ఒక్కసారి పడిపోయాయి. నా నోరు తెరుచుకుంది. కొడుకు చెప్పిన మాటే నా గొంతుని పట్టుకుని ఆపింది.

తర్వాత, నమ్ముతారో లేదో, మెట్టు మెల్లగా పైకి లేచింది. కింద నుంచి ఎవరో భుజం పెట్టి ఎత్తినట్టు. సమంగా అయ్యింది. దీపం నిటారుగా నిలబడింది.

ఆవిడ కదల్లేదు. లెక్కపెడుతోంది. నా గుండె కూడా లెక్కపెట్టింది, పది కాదు, పది వందలు పెట్టింది. ఎనిమిదో మెట్టు ఎక్కింది, తొమ్మిది ఎక్కింది, తలుపు తోసింది.

చప్పట్లు. జనం లేచి నిలబడి చప్పట్లు. నా ముందు కూర్చున్న ఒకాయన పక్కాయనతో, “కాగితంలో రాసింది అక్షరాలా నిజమే సుమా,” అన్నాడు.

తెర పడింది. తెర పడగానే దాని వెనక చెక్క విరిగిన చప్పుడు వినబడింది. అది చప్పట్లలో కలిసిపోయింది. వినవలసిన వాళ్ళం మేం విన్నాం.

మేం వెళ్ళేసరికి నలుగురు మగవాళ్ళు మెట్ల చట్రాన్ని ఎత్తి పట్టుకుని ఉన్నారు. వాణ్ణి బయటికి లాగారు. భుజానికేం కాలేదు. చెయ్యి. కుడి చెయ్యి. చెక్క ఊడి దాని మీదికే దిగింది.

కోడలు వాడి పక్కన కూలబడింది. “మంచి చెయ్యేనా?” అంది. ఆ ఒక్క మాటే అంది.

నర్సమ్మ ఇంకా వేషంలోనే ఉంది. దీపం ఎవరి చేతికో ఇచ్చేసి, మోకాళ్ళ మీద కూర్చుని, వాడి మణికట్టు తన చేతుల్లోకి తీసుకుంది. చీర అంచు చింపి కట్టింది. ఆవిడ వేళ్ళు వణకడం లేదు.

“మీరు ఎందుకు దూరారు అక్కడికి? మెట్టు కుంగుతుందని మీకు ఎవరు చెప్పారు?”

వాడు పళ్ళు బిగించుకున్నాడు. జవాబు చెప్పలేదు. మా వైపు చూడను కూడా చూడలేదు. మమ్మల్ని దాచాడమ్మా వాడు, ఆ నొప్పిలో.

కత్తెర నేల చూపులు చూస్తున్నాడు. అందరూ ఉన్నారక్కడ, నాటకం వాళ్ళంతా.

“నేను చెప్పానమ్మా,” అన్నాను. “శుక్రవారమే చూశాం. మేం ముగ్గురం చూశాం. చూసి దాచిందీ మేమే, నువ్వక్కడ ఆగడం బాగుందని రాసిందీ మేమే.”

ఎవరో “మీరా?” అన్నారు. ఎవరో వెనక్కి జరిగారు.

నర్సమ్మ తల ఎత్తలేదు. వాడి మణికట్టు మీద ఆవిడ బొటనవేలు ఒక్క క్షణం ఆగిపోయింది.

“అది తర్వాత మాట్లాడదాం,” అంది. “ముందు వేళ్ళు. కదిలించండి.”

బొటనవేలు కదిలింది.

చూపుడు వేలు కదిలింది.

“తర్వాతవి,” అంది నర్సమ్మ.

వాడు కళ్ళు మూసుకుని, నుదురంతా చెమటతో, ఎక్కడెక్కడి బలమో ఆ చేతిలోకి తెచ్చుకుంటున్నాడు. మేమందరం ఆ మూడు వేళ్ళ వైపే చూస్తున్నాం. అవి అలాగే ఉన్నాయి.

ఇవాళ్టికి ఇంతకంటే చెప్పలేనమ్మా. మీరు ఇళ్ళకి వెళ్ళి ఇది ఎవరికైనా చెప్తారు కదా, మెట్టు కింద భుజం పెట్టిన నా కొడుకు సంగతి ఒక్కటే చెప్పి ఊరుకోకండి. అది చెప్పడానికి బాగుంటుంది, వినడానికీ బాగుంటుంది. కళ్ళారా చూసి కూడా రెండు రోజులు ఓ మంచి వాక్యాన్ని చదువుకుని మురిసిపోయిన ముగ్గురున్నారు చూడండి, వాళ్ళని గుర్తుపెట్టుకుని, ఆ మాట ముందు చెప్పండి. ఎవరు చెప్పారని అడిగితే, ఆ ముగ్గురిలో ఒక ముసలిదే చెప్పిందని చెప్పండి.